జాగ్రత్త అన్న బిళ్ళ

వాక్యం తీసేసి ఆ ఒక్క మాట పెట్టింది హైమే. మార్చిననాడు అదేమంత పెద్ద సంగతిగా తోచలేదు. పైగా ఎంత మర్యాదగా కుదిరిందో అని లోలోపల మురిసిపోయింది కూడా.

కాకినాడ హార్బరు రోడ్డులో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఉంది వాళ్ళ లాబ్. కింద చేపల వాసన, పైన పరిశోధన. అక్కడ హైమా, ఇంజినీరు ఇలియాసూ ఏళ్ళ తరబడి కుస్తీపట్టి తయారుచేసిన వస్తువు పేరు మెలకువ. బొట్టుబిళ్ళంత ఉంటుంది. చెవి వెనక అంటించుకుంటే ఒంటి వేడితోనే నడుస్తుంది. పేరు మెలకువైనా వాడేవాళ్ళంతా దాన్ని బిళ్ళ అనే అనేవారు.

అదేం చేస్తుందో చూడడానికి రాజధాని నుంచి ఒక అధికారి వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి. కుర్చీలో కూర్చుంటూనే పెదవి విరిచాడు.

"కండోమ్ వాడాలని తెలియనివాడెవడండీ ఈ రోజుల్లో? దానికో యంత్రమా?"

"తెలియక కాద్సార్," అన్నాడు ఇలియాస్. "మీకు షుగరుందా?"

"ఉందిలే."

"ఇప్పుడు కాజా పెడితే తింటారా?"

"ఛస్తే తినను."

"అదే పెళ్ళి భోజనంలో, పాకం కారుతూ ఆకులో పడితే?"

పెద్దాయన నవ్వేశాడు. పక్కన నిలబడ్డ ఆయన గుమస్తా ఇంకా గట్టిగా నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు.

"చూశారా! ఇప్పుడు వద్దన్నదీ మీరే, అప్పుడు తినేదీ మీరే. కోరిక రేగినప్పుడు ఎవరి సంగతైనా ఇంతే సార్. పొద్దున కాఫీ తాగుతూ గట్టిగా అనుకున్న మాట ఆ వేళకి ఎవడో పరాయివాడు చెప్పినట్టుంటుంది. ఈ బిళ్ళ ఆ పొద్దుటి మనిషిని తీసుకొచ్చి చెవి దగ్గర నిలబెడుతుంది. అంతే."

ఇలియాస్ ఆయన చెవి వెనక ఒకటి అంటించి మేడ మెట్లు ఎక్కించి దింపాడు. ఆయాసపడ్డాడే కానీ బిళ్ళ నోరు మెదపలేదు. ఆయన గుమస్తా మీద కేకలేసినప్పుడూ మెదపలేదు. గుండె దడ అన్నిటికీ ఒక్కలాగే ఉన్నా, ఒంట్లో నెత్తురు పరుగెత్తే దారి వేరు, చెమట వేరు, ఊపిరి తీరు వేరు. ఆ తేడా పట్టుకోవడానికే వాళ్ళ వయసంతా కరిగిపోయింది. తేడా తెలిసిన క్షణాన బిళ్ళ ఒకే ఒక్క వాక్యం చెబుతుంది. అది మనిషి స్థిమితంగా ఉన్నప్పుడు తన గొంతుతోనే తను చెప్పి పెట్టుకున్న వాక్యం. భార్యకి భార్య గొంతు, భర్తకి భర్త గొంతు.

"ఫలితం?"

హైమ తెర మీద గీతలు చూపించింది. బిళ్ళ వాడి చూడడానికి ఒప్పుకున్న జంటల లెక్క అది. బిళ్ళ మాట్లాడిన ప్రతిసారీ దాదాపు అందరూ మంచం దిగుతున్నారు. కండోమ్ పెట్టె అలమరలో పెట్టుకోమన్నారు కదా, నాలుగడుగులు వేసి మళ్ళీ వస్తున్నారు. అడుగులు లెక్కపెట్టడం బిళ్ళకి చిటికెలో పని. పైగా వారానికోసారి ఫోన్ చేసి "జాగ్రత్త పడ్డారా?" అని అడిగితే పడ్డామనే చెబుతున్నారు. అడుగులకీ జవాబులకీ అంత చక్కగా పొత్తు కుదిరితే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? పెద్దాయన లేచి హైమకి చెయ్యి కలిపాడు. జిల్లా జిల్లాకీ పంపిద్దామన్నాడు. ఆయన కారెక్కేదాకా నవ్వు ఆపుకున్న ఇద్దరూ పైకొచ్చి పిల్లల్లా కేరింతలు కొట్టారు.

ఆ కేరింతల మధ్యే హైమ తమ్ముడు ప్రభాకర్ ఫోన్ చేశాడు. పోర్టులో క్రేను నడుపుతాడు. పని వేళల్లో ఎప్పుడూ చెయ్యడు.

"అక్కా, ఝాన్సీకి ఆయాసంగా ఉంటే ఆసుపత్రికి తీసుకొచ్చాను. డాక్టరమ్మ ఇంకో పరీక్ష కూడా చేయించింది. మూడో నెలంటక్కా."



మరదలు ఝాన్సీ గుండె అందరి గుండె లాంటిది కాదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి లోపలి కవాటం ఒకటి సన్నబడిపోయింది. పాప పుట్టినప్పుడే చావు తప్పి బయటపడింది. ఇంకో కానుపంటే మనిషి దక్కదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు పడవు. కాపర్ టీ వేస్తే, నెత్తురు పల్చబడే మందు వాడుతోంది కదా, రక్తం ఆగక తీసేయాల్సొచ్చింది. చివరికి ప్రభాకర్ తానే ఆపరేషన్ చేయించుకుంటానని తేదీ కూడా తీసుకున్నాడు.

"కొన్నాళ్ళాగరా. మా బిళ్ళ వాడి చూడండి," అని ఆపింది హైమ.

తమ్ముడి మీద జాలి అని అప్పుడు చెప్పుకుంది. నిజానికి మొదటి జంట తన ఇంటిదే అయితే మిగతావాళ్ళు నమ్మి ముందుకొస్తారని లెక్కేసుకుంది. ఆ లెక్క ఇన్నాళ్ళూ ఆమెకి గుర్తే రాలేదు, ఇప్పుడు ఫోన్ చేతిలో ఉండగా వచ్చింది.

ఫోన్ పెట్టేసి ఆమె చేసిన మొదటి పని ఆసుపత్రికి పరుగెత్తడం కాదు. ఈ సంగతి తలుచుకుంటే తర్వాత రోజుల్లో ఆమెకి తల కొట్టేసినట్టుండేది. ముందు కంప్యూటర్ ముందు కూర్చుని తమ్ముడి బిళ్ళ, మరదలి బిళ్ళ ఏం నమోదు చేశాయో తెరిచి చూసింది. ఒక్కసారి కూడా తప్పలేదు. మాట్లాడవలసినప్పుడల్లా మాట్లాడాయి. ఎవరో ఒకరు లేచారు, నడిచారు, వచ్చారు. హమ్మయ్య, అనుకుంది. కండోమ్ చిరిగి ఉంటుంది, అది ఎవరి చేతుల్లోనూ లేని పని, లాబ్ తప్పేం లేదు. ఆ హమ్మయ్య నోట్లోంచి పైకే వచ్చింది. ఇలియాస్ వింతగా చూశాడు.

జగన్నాథపురంలో తమ్ముడి ఇల్లు ఒక గది, ఒక హాలు. హాల్లో అమ్మా, పాపా పడుకుంటారు. హైమ వెళ్ళేసరికి పాపని తీసుకుని అమ్మ పక్కింటికి వెళ్ళింది. ప్రభాకర్ మందులకి వెళ్ళాడు. ఝాన్సీ మంచం మీద మూడు దిండ్లు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదట.

"రండి వదినా. టీ పెట్టలేను, ఏమనుకోకండి."

"టీ ఎవరిక్కావాలే!" హైమ మంచం పట్టె మీద కూర్చుంది. ఏమడగాలో తెలుసు, ఎలా అడగాలో తెలియలేదు. "బిళ్ళ... చెప్పేదా సరిగ్గా?"

"చక్కగా చెప్పేది. జాగ్రత్తా, అని. నా గొంతు నాకే భయమేసేది మొదట్లో."

"చెప్పాక లేచేవాళ్ళు కదా మీరు?"

"ఆయన లేచేవారు. ఒకోసారి నేను."

"లేచి?"

ఝాన్సీ ఆమె కేసి చూసింది. అంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

"గడియ పడిందో లేదో చూసేవాళ్ళం వదినా. ఆ తలుపు గడియ వదులు. పాప లేచి తోసుకుంటూ వచ్చేస్తుంది. అత్తయ్య గారికి నిద్ర పలచన. జాగ్రత్త అనగానే, ఫ్యాను పెద్దది చేసి, గడియ నొక్కి వచ్చేవారు."

హైమ తలుపు కేసి తిరిగి ఆ గడియని చూసింది. బయట ఎవరో నీళ్ళ మోటారు వేశారు.

"మరి అది... అలమరలో పెట్టుకోమన్నాను కదా, అవి..."

"ఉన్నాయి. చీరల కింద. మీరిచ్చిన పెట్టె ఇచ్చినట్టే ఉంది." ఝాన్సీ ఊపిరి కూడదీసుకుంది. "అబద్ధమెందుకు, నాకు తెలుసు వదినా. జాగ్రత్త అంటే మీరేమనుకుని చెప్పించారో పగలు ఎప్పుడడిగినా చెప్పేదాన్ని. ఆ వేళకి మాత్రం... గడియ పడింది కదా, ఇంకేం, అనిపించేది. జాగ్రత్త పడ్డాం కదా అని మనసుకి ఎంత ధైర్యంగా ఉండేదో! బిళ్ళ లేనప్పుడే నయం. అప్పుడు భయమన్నా ఉండేది."

ఇంటికొస్తూ ఉప్పుటేరు వంతెన మీద ఆటో ఆగినప్పుడు హైమ ఏడ్చింది. కోరికలో ఉన్న మనసు చెవిటిది అనుకుంటూ ఇన్నేళ్ళూ పనిచేశారు. చెవిటిది కాదది, వకీలు. దానికి మాట బాగానే వినపడుతుంది. విని, అందులో తనకి పనికొచ్చే అర్థం ఏదో అది పట్టుకుంటుంది. జాగ్రత్త లాంటి వదులు మాట చేతికిచ్చాక దానికి ఇంక కష్టమేముంది?

ఆ మాట ఇచ్చింది తను. మొదట రాసుకున్న వాక్యం అది కాదు. "ముందు కండోమ్ తీసుకో" అని ఉండేది. గొంతు రికార్డు చేసే గదిలో పరిశోధకురాలు ఎదురుగా కూర్చుని వాక్యం చదవాలి, వచ్చినవాళ్ళు తిరిగి చెప్పాలి. మొట్టమొదట వచ్చింది ప్రభాకర్, ఝాన్సీ. ఎదురుగా తమ్ముడు. తన చేత్తో నీళ్ళు పోసి, పౌడరు రాసి, పాపిడి తీసి బడికి పంపిన తమ్ముడు. హైమ కాగితం పట్టుకుంది కానీ ఆ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తడారిపోయింది. మొహం కందగడ్డలా అయింది.

"ఊరికే, జాగ్రత్త అనరా. చాలు," అంది.

వాడు ఆమె మొహంలోకి ఓసారి చూసి, తల దించుకుని, "జాగ్రత్త" అన్నాడు. ఝాన్సీ కూడా అదే అంది. గదిలోంచి బయటికొచ్చి హైమ వాక్యం మార్చేసింది. మిగతా జంటలన్నిటికీ అదే ఖాయం చేసింది. "ఆ మాటంటే మనవాళ్ళు బెదిరిపోతారు. ఇదైతే పెద్దమనిషి తరహాగా ఉంది, ఎవరికైనా అర్థమవుతుంది," అని ఇలియాస్‌కి నచ్చజెప్పింది. "మర్యాదలు మీకే బాగా తెలుసు మేడమ్," అని అతను ఊరుకున్నాడు.

మర్నాడు లాబ్‌లో ఇలియాస్‌కి అంతా చెప్పింది. అతను జంటల జాబితా తెర మీదికి తెచ్చి, "అయితే అందరినీ మళ్ళీ అడుగుదాం. ఈసారి అసలు మాటతో," అన్నాడు.

ఫోన్లు చేశారు. మగవాళ్ళకి అతను, ఆడవాళ్ళకి ఆమె. హైమ మొదటి ఫోన్‌లో "కండోమ్" అనడానికి గుటకలు మింగింది. రెండో ఫోన్‌లో దగ్గింది. ఆ తర్వాత మామూలుగా అనేసింది, ఉప్పు అన్నట్టు, పప్పు అన్నట్టు. ఇంత తేలికా ఇది అని ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

జవాబులు వింటుంటే ఒకపక్క నవ్వొచ్చేది, నవ్వినందుకు ఏడుపొచ్చేది. ఒకాయన లేచి కిటికీ తలుపు వేసేవాడు. ఒకావిడ ఫోన్ గంట మోగకుండా చేసి వచ్చేది. ఒకతను మంగళసూత్రం మొహానికి గుచ్చుకోకుండా తీసి పక్కన పెట్టమనేవాడట. ఇంకొకతను, "జాగ్రత్త అంది కదండీ, బిళ్ళ చెమటకి పాడవుతుందేమోనని తుడిచి వచ్చేవాణ్ణండి," అన్నాడు పాపం. కండోమ్ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు బిళ్ళ లేకపోయినా పెట్టుకునేవాళ్ళే. ఒకామె మాత్రం, "మేడమ్, నాకు నెల తప్పింది. బిళ్ళ ఉండగా కాదులే అనుకుని ఊరుకున్నాను," అంది. ఆమెని ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి ఇలియాస్ భార్య తీసుకెళ్ళింది.

హైమ రాజధాని ఆఫీసుకి ఫోన్ చేసి బిళ్ళలు పంపవద్దంది. పెద్దాయన కారణమడిగాడు. చెప్పింది. "మరి అంత బాగా నడిచారు కదమ్మా అందరూ," అన్నాడాయన దిగులుగా.

ఝాన్సీకి గర్భం తీసేయాలన్నారు. ఉంచితే తల్లి ఎలాగూ దక్కదు. తీయడమూ మామూలు పని కాదు. నెత్తురు పల్చబడే మందు ఆపితే గుండెలో గడ్డ కట్టవచ్చు, ఆపకపోతే రక్తస్రావం ఆగకపోవచ్చు. డాక్టరమ్మ రెండూ విడమరిచి చెప్పి, "నిర్ణయం నీదేనమ్మా," అంది. ఝాన్సీ ఎవరి వంకా చూడకుండా సరేనంది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం, "పాప జడకి రిబ్బన్లు ఎర్రవి కావాలంటుంది. నల్లవి కడితే బడికెళ్ళదు," అంది ఎవరితోనో చెప్పినట్టు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

లోపలికి తీసుకెళ్ళాక హైమ, ప్రభాకర్ వరండా బల్ల మీద కూర్చున్నారు. పోర్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకి గ్రీజు ఉంది. లోపల ఏదైనా జరిగితే అది తన చేతులతో చేసినట్టే అని హైమ అనుకుంటోంది. పాపకి ఏం చెప్పాలి? అమ్మ మొహం ఎలా చూడాలి? దేవుడికి మొక్కుకుందామంటే ఏ మొహం పెట్టుకుని మొక్కుకోవాలో కూడా తెలియలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చింది. "బతికింది. మధ్యలో గుండె బాగా తడబడింది. కవాటం ఆపరేషన్ ఇక వాయిదా వేయడానికి లేదు, ఈ నెలలోనే చేయించాలి. అదీ తట్టుకుంటే గట్టెక్కినట్టే," అని ప్రభాకర్ వైపు తిరిగింది. "నీ సంగతేమయిందయ్యా? తేదీ ఇచ్చాం కదా అప్పుడు?"

ప్రభాకర్ తల దించుకున్నాడు. అక్క పేరు చెప్పలేదు. "రేపు చేయించుకుంటానండి," అన్నాడు.

ఆమె వెళ్ళిపోయింది. హైమకి ఇక లోపల దాచుకునే శక్తి లేకపోయింది.

"ఒరేయ్, తప్పు నాదిరా. ఆపరేషన్ ఆపిందీ నేనే, ఆ మాట మార్చిందీ నేనే. కండోమ్ అని చెప్పించాల్సింది. నా ముందు ఆ మాట అనడానికి నువ్వు సిగ్గుపడి చచ్చిపోతావని తీసేశాను."

ప్రభాకర్ గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. మరకలు వదలలేదు.

"నాకేం సిగ్గక్కా? క్రేను మీద రోజూ వినే బూతుల ముందు అదో మాటా? ఇంటి దగ్గర కాగితం చదువుకునే వచ్చాను. అనడానికి సిద్ధంగానే ఉన్నాను. నీ మొహం ఎర్రబడిపోయింది. చెమటలు పట్టాయి. అక్క ఇబ్బంది పడుతోంది, ఎందుకులే అనుకుని, నువ్వన్నదే అనేశాను. దాని అర్థమేంటో ఒక్కసారి అడిగినా బాగుండేది. అదీ అడగలేదు."

హైమ తమ్ముడి భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. ఆ చెయ్యి వేసే హక్కు తనకింకా ఉందో లేదో తెలియలేదు.

"ఝాన్సీకి చెప్పాలి కదక్కా," అన్నాడు తలుపు వైపు చూస్తూ. "అడుగుతుంది. నేను చెప్పలేను. నువ్వే చెప్పు."

మర్నాటికి ఝాన్సీ కళ్ళు తెరిచి మాట్లాడుతోంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. హైమ స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఏదీ దాచుకోలేదు. రికార్డింగు గదిలో తన గొంతు ఎలా ఎండిపోయిందో, తమ్ముడు తనని చూసి ఎలా ఊరుకున్నాడో, తను అతని కోసం, అతను తన కోసం ఆ మాట ఎలా మింగేశారో మొత్తం చెప్పింది. తన వంతు చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు. పక్క మంచం మీద ముసలమ్మ వింటోందని తెలిసినా తగ్గించలేదు.

ఝాన్సీ కళ్ళు మూసుకుని అంతా వింది. నిద్రపోయిందేమో అనుకుంది హైమ.

"అంటే వదినా," అంది ఝాన్సీ కళ్ళు తెరవకుండానే, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ, "మీ అక్కాతమ్ముళ్ళ సిగ్గు కాపాడుకోవడానికి... నేనే దొరికానా మీకు?"

అని మెల్లగా అటు తిరిగి పడుకుంది.